మొగిలిదొడ్డి జనాభా

బాలకిషన్‌కు సొంత ఊరంటే ప్రాణం. ప్రాణం కాబట్టే దాన్ని నూట పది కిలోమీటర్ల దూరంలో భద్రంగా ఉంచుకున్నాడు. హైదరాబాద్ బేగంబజార్‌లో ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణంలో గల్లా ముందు కూర్చుని, రోజుకు రెండుసార్లయినా "మా మొగిలిదొడ్డి గాలి పీలిస్తే చాలు, దవాఖానతోటి పనే ఉండది" అనేవాడు. ఆ గాలి ఆయన ఆఖరుసారి పీల్చింది పదకొండేళ్ల కిందట, కూతురు అనూహ్య కాలేజీ సీటుకు ఏదో సర్టిఫికెట్ కావాల్సి వచ్చినప్పుడు. అప్పుడు కూడా కారు దిగకుండానే పని చక్కబెట్టుకొచ్చాడని భార్య రాజమణి అంటుంది. అది అన్యాయం. దిగాడు. టైరు పంచరైంది మరి.

మొగిలిదొడ్డి ఖాళీ అయిన కథలో దాచేదేమీ లేదు. మొదట బోర్లలో నీళ్లు పోయాయి. నీళ్లు పోతే జనం పట్నం బాట పట్టారు. జనం తగ్గారని బస్సు ఆపేశారు. బస్సు లేదని మిగిలిన జనం పోయారు. పిల్లలు లేరని బడికి తాళం వేశారు, బడి లేదని పిల్లలున్నవాళ్లు పోయారు. ఇంత క్రమశిక్షణతో జరిగిన పని ఆ మండలంలో మరొకటి లేదు. చివరికి తొమ్మిది మంది మిగిలారు. అందరికన్నా చిన్నవాడికి యాభై ఎనిమిదేళ్లు. ఊళ్లో అతన్ని ఇప్పటికీ 'పోరడు' అనే పిలుస్తారు.

వెళ్లినవాళ్లలో సగం మంది మాదన్నపేట చుట్టుపక్కల తేలారు. బాలకిషన్ తండ్రి రాజన్న కూడా అలా తేలినవాడే. నెత్తి మీద బిందెలు పెట్టుకుని గల్లీ గల్లీ తిరిగి, చివరికి బేగంబజార్‌లో ఒక మెట్టు సంపాదించాడు. మెట్టు మీద దుకాణాన్ని కట్టింది మాత్రం కొడుకే. ఈ తేడాను కొడుకు ఎవరినీ మరిచిపోనిచ్చేవాడు కాదు.

ఆ దసరా ముందు, రాజమణి అన్న కొడుకు శ్రవణ్‌కుమార్ ఒక కాగితాల కట్ట పట్టుకుని దుకాణానికి వచ్చాడు. అతనికి సైదాబాద్‌లో ఇంటర్నెట్ సెంటరుంది. సర్కారు ఏ పథకం తెచ్చినా దానికి దరఖాస్తు నింపి పెట్టడం అతని వృత్తి. మనుషులకు ఏం కావాలో అతనికి తెలియదు గానీ, ఏ నిలువు గడిలో ఏం రాయాలో బాగా తెలుసు.

"మామా, కొత్త పథకం పడ్డది. 'పల్లె ఊపిరి'. జనం పోయి ఖాళీ అయిన ఊళ్లకు అయిదు లక్షలు. ఏదన్న చిన్న పని, ఊరందరికి పనికొచ్చేది చేసుకోవాలె. మీ మొగిలిదొడ్డి ఖాళీ అయ్యిందే గదా?"

"ఖాళీ అంటే గిట్ల గట్ల గాదురా, నంబర్ వన్ ఖాళీ!" అన్నాడు బాలకిషన్, ఊరికి ఏదో కప్పు వచ్చినంత గర్వంగా.

ఆ సాయంత్రమే దుకాణంలో బోర్లించిన గంగాళాల మధ్య 'మొగిలిదొడ్డి గ్రామాభివృద్ధి సంఘం' పుట్టింది. అధ్యక్షుడు బాలకిషన్. కార్యదర్శి అంజన్, మాదన్నపేటలో పాడి గేదెలున్నవాడు, వాళ్ల నాయిన కూడా మొగిలిదొడ్డి వాడే. తక్కిన పదవులకు మిర్చీ బజ్జీలు తినడానికి వచ్చినవాళ్లను వచ్చిన వరసలో వేసుకున్నారు. ఏ పని చేయాలన్న దాని మీద గంటసేపు లొల్లి నడిచింది. సర్కారు వాళ్లు పనుల జాబితా ఒకటి ఇచ్చారు: సామూహిక భవనం, ఓపెన్ జిమ్, సెల్ఫీ పాయింట్, స్వాగత తోరణం. అంజన్ జిమ్ అన్నాడు. తొమ్మిది మంది ముసలివాళ్లు ఊరి నడుమ ఇనుప కడ్డీలకు వేలాడుతున్న దృశ్యాన్ని ఒక్క క్షణం అందరూ ఊహించుకుని తర్వాతి బజ్జీ అందుకున్నారు.

"తోరణం," అన్నాడు బాలకిషన్. "ఊరికి దర్వాజ లేకపోతే అది ఊరెట్లయితది? మీద మా బాపు పేరుంటది. 'కీర్తిశేషులు రాజన్న స్మారక స్వాగత తోరణం'. సంగమర్మర్ రాయి పలకల, పసుపు అచ్చరాలు."

అధ్యక్షుడు బజ్జీలు తెప్పించినవాడు కూడా కాబట్టి తీర్మానం ఏకగ్రీవమైంది.

ఊళ్లో ఉన్నవాళ్ల సంతకాలు కావాలని శ్రవణ్‌కుమార్ చెప్పడంతో, మరుసటి ఆదివారం బాలకిషన్ మొగిలిదొడ్డికి వెళ్లాడు. ఈసారి టైరు పంచరు కాకుండానే దిగాడు. దారిలో సగం ఇళ్లకు కప్పులు లేవు. గోడల మధ్య సీతాఫలం చెట్లు మొలిచి, కాయలతో విరగబడి ఉన్నాయి. మనుషులు పోయాక ఊళ్లో బాగుపడ్డవి అవొక్కటే.

ఆయన్ని చూసి లలితమ్మ చేటలో జొన్నలు చెరగడం ఆపింది. అరవై అయిదేళ్ల మనిషి. అయిదో తరగతి దాకా చదివింది. ఆ చదువుతోనే మిగతా ఎనిమిది మంది పింఛన్లు, మందులు, ఫోన్ల రీచార్జీలు చూసుకుంటుంది. సర్పంచి ఉండేది వేరే ఊళ్లో, ఆయనకు ఈ ఊరు పటంలోనే గుర్తు.

"ఎవలు? రాజన్న కొడుకువా? మస్తు లావైనవ్ తమ్మీ. కూసో."

బాలకిషన్ అరుగు మీద కూర్చుని పథకం గురించి చెప్పాడు. సర్కారు పైసలు, ఊరి గౌరవం, తండ్రి జ్ఞాపకం అన్నీ కలిపి మంచి ఉపన్యాసమే ఇచ్చాడు. లలితమ్మ పూర్తిగా వింది.

"గయితే గిర్ని పెట్టియ్యి," అంది.

"ఏంది?"

"పిండి గిర్ని. జొన్నలు పట్టియ్యాలంటే మండలం పోవాలె. ఏడు కిలోమీటర్లు. ఆటోవాడు పోను రాను మూడొందలు అడుగుతడు. పది కిలోల పిండికి మూడొందల ఆటో ఏందయ్యా? రాయి మీద ఇసురుదామంటే రెక్కల సత్తువ లేదు. చిన్న గిర్ని ఒకటి ఉంటే మేం తొమ్మిది మందిమి రొట్టె తింటం."

బాలకిషన్ శ్రవణ్‌కుమార్‌కు ఫోన్ చేశాడు. గిర్ని జాబితాలో లేదని, అది వ్యాపారం కిందికి వస్తుందని, 'ఊపిరి' కిందికి రాదని సమాధానం వచ్చింది. ఈ సమాధానం వచ్చినందుకు బాలకిషన్‌కు కలగాల్సినంత బాధ కలగలేదు.

"రాదంటున్నరక్కా. తోరణం అయితే వస్తది."

"తోరణం కిందికెళ్లి ఎవలొస్తరు?"

"వస్తరక్కా. ఊరు మంచిగ కనవడితే మనిషి వస్తడు."

"మేకలొస్తయి," అంది లలితమ్మ. "వాటికి నీడైతది. తే, యాడ పెట్టాలె సంతకం?"

తొమ్మిది సంతకాలు, వేలిముద్రలు అరగంటలో అయిపోయాయి. తిరిగి వస్తుంటే లలితమ్మ సంచి నిండా సీతాఫలాలు కారులో పెట్టింది. దారంతా ఆ వాసన కారును పట్టుకుని వదల్లేదు. గిర్ని మాట కూడా అలాగే కాసేపు పట్టుకుంది. శంషాబాద్ దాటేసరికి ట్రాఫిక్‌లో పడి మరిచిపోయాడు.

చిక్కంతా నాలుగో పేజీలో ఉంది. మొదటి పేజీ ప్రకారం ఊరి జనాభా యాభైకి లోపు ఉండాలి. నాలుగో పేజీ ప్రకారం, తనిఖీకి వచ్చిన రోజు ఊరివాళ్లు ఇరవై అయిదు మందికి తగ్గకుండా సభకు హాజరై తీర్మానం చేయాలి. జనం లేని ఊళ్లకు పెట్టిన పథకానికి జనం కావాలన్నమాట. పాత లెక్కల మీద నమ్మకం లేదు కాబట్టి తల లెక్క అధికారే స్వయంగా పెట్టాలని కూడా అందులో రాసి ఉంది.

"పదహారు మంది తక్కువ పడుతున్నరు మామా," అన్నాడు శ్రవణ్‌కుమార్, మాదన్నపేట ఇంట్లో రాత్రి భోజనానికి కూర్చుని. "ఈడికెళ్లి తీస్కపోదాం. ఎట్లయినా వాళ్లు మీ ఊరోళ్ల పిల్లలే గదా. కానీ ఒక్కటి యాదికుంచుకో. ఇరవై మందిని తీస్కపో, చాలు. యాభై దాటొద్దు."

"నీకు రాజకీయం తెల్వదురా. జనాన్ని చూస్తెనే సర్కారు కదుల్తది."

రాజమణి రొట్టె వడ్డిస్తూ అంది, "గా తొమ్మిది మందిని చూడనీకి పదకొండేండ్లల ఒక్కపాలి పోలేదు. ఇప్పుడు వాళ్ల తరఫున వేరేటోళ్లను తీస్కపోతున్నవ్. శభాష్."

ఆ మాటకు ఆయన పప్పు ఇంకొంచెం వేయించుకున్నాడు.

బార్కస్‌లో అవద్ భాయ్ అని ఒక బస్సుల ఆసామి ఉన్నాడు. ఇరవై సీట్ల బండి మాట్లాడుకున్నారు. తనిఖీ రోజు పొద్దున ఆరింటికి మాదన్నపేట మార్కెట్ ముందుకు వచ్చింది మాత్రం యాభై సీట్ల పెళ్లి బస్సు. ఇంజను మీద ఇంకా బంతిపూల దండ వేలాడుతోంది.

"చిన్న గాడీ రిపేర్‌కు పోయింది సేఠ్," అన్నాడు అవద్ భాయ్. "ఫికర్ మత్ కరో, కిరాయి అదే. నేనే నడుపుతా."

ఖాళీ సీట్లు చూసి ఊరుకునే గుణం మాదన్నపేటకు లేదు. ఊరు చూపిస్తారట, ఫ్రీ అట, అక్కడ సీతాఫలాలు చెట్ల మీదే మగ్గుతాయట అన్న వార్త కూరగాయల గంపల మీదుగా మార్కెట్ అంతా పాకింది. అంజన్ వదిన ఎక్కింది. వదిన వాళ్ల చెల్లెలు ఎక్కింది. కొత్తిమీర అమ్మే నాగమణమ్మ గంప పక్కింటామెకు అప్పగించి ఎక్కింది. ప్రీతి అనే బ్యూటీపార్లర్ పిల్ల తన ఇద్దరు స్నేహితురాళ్లతో ఎక్కింది, రీల్స్ తీసుకోవచ్చని. అంజన్ తలుపు దగ్గర నిలబడి కాసేపు లెక్కపెట్టి, అందరూ పాల ఖాతాదారులే కావడంతో ఎవరినీ దింపలేక లెక్కపెట్టడం మానేశాడు.

శ్రవణ్‌కుమార్ మొత్తుకున్నాడు. "మామా, ఎక్కువైతున్నరు!"

బాలకిషన్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూశాడు. బస్సు నిండా జనం. తన వెనకాల ఇంతమంది ఎప్పుడూ లేరు. గుండె నిండిపోయింది.

"పోనియ్ భాయ్," అన్నాడు.

అధికారి పేరు మనస్విని. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. స్కూటీ మీద మట్టిరోడ్డున వచ్చి, హెల్మెట్ తీసి, తాళం వేసి ఉన్న బడి ముందు గుమిగూడిన జనాన్ని చూసి ఒక్క నిమిషం అలాగే నిలబడిపోయింది. లలితమ్మ, మిగతా ఎనిమిది మంది ఒక మూలన ఒదిగి కూర్చుని, తమ ఊరికి వచ్చిన తమ ఊరివాళ్లను వింతగా చూస్తున్నారు.

"అందరూ ఈ ఊళ్లోనే ఉంటారా?" అడిగింది మనస్విని.

"అందరు ఇక్కడోళ్లే మేడమ్," అన్నాడు బాలకిషన్.

ఆమె వరసగా నిలబడమని చెప్పి, ఒక్కొక్కరినీ అడుగుతూ రాసుకోవడం మొదలుపెట్టింది. నాగమణమ్మను ఇల్లెక్కడని అడిగితే, చెయ్యి చాచి దేన్ని చూపించాలో తెలియక, కప్పు ఎగిరిపోయిన ఒక గోడను చూపించింది. "గాలి మంచిగొస్తది బిడ్డా" అని కూడా చేర్చింది. ప్రీతి "మూడో గల్లీ, మెడికల్ హాల్ పక్కన" అంది. ఊరికి ఉన్నది ఒకటే వీధి. మందుబిళ్ల కావాలంటే ఏడు కిలోమీటర్లు పోవాలి. మనస్విని తల ఎత్తలేదు, రాసుకుంది. బస్సు నీడలో బీడీ కాల్చుకుంటున్న అవద్ భాయ్‌ని, ఎవరో పిలిస్తే, సేఠ్‌కు ఏదో అవసరం పడిందనుకుని ఆయన గడ్డం సవరించుకుంటూ వచ్చి వరసలో నిలబడ్డాడు.

"మీరు?"

"యహీఁ కా హూఁ మేడమ్. పుట్టింది పెరిగింది ఈడనే," అన్నాడు, సేఠ్ వైపు అభయమిస్తున్నట్టు చూస్తూ.

వరస అయిపోయాక ఆమె కింద గీత గీసి, రెండుసార్లు కూడింది.

"అరవై రెండు."

బాలకిషన్ మొహం వెలిగిపోయింది. శ్రవణ్‌కుమార్ కళ్లు మూసుకున్నాడు.

"సారీ అండీ. పథకం యాభై లోపు జనాభా ఉన్న ఊళ్లకే. మీది ఖాళీ అయిన ఊరు కాదు. చాలా నిండుగా ఉంది," అంది మనస్విని, ఫైలు మూస్తూ.

బాలకిషన్‌కు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక పరుగు లాంటి నడకతో స్కూటీకి అడ్డం వెళ్లాడు.

"మేడమ్, మేడమ్! వీళ్లు ఇక్కడోళ్లు గాదు. అందరు హైదరాబాదోళ్లే. మాదన్నపేట. బస్సు చూడున్రి, దండ గూడ తీయలే! ఈ ఊళ్లె ఉన్నది తొమ్మిది మందే. ఒట్టు."

"తొమ్మిదే అయితే సభకు కోరం లేదు. ఇరవై అయిదు కావాలి. పైగా యాభై మూడు మందితో అబద్ధం చెప్పించినట్టు నేను రిపోర్టు రాయాలి. మీ మీద కేసవుతుంది." ఆమె పెన్ను తీసి, చాలా మర్యాదగా అడిగింది. "ఏం రాయమంటారు, తొమ్మిదా, అరవై రెండా?"

ఊరంతా ఆయన వైపే చూస్తోంది. రెండు ఊళ్లు కూడా. బాలకిషన్ ముప్పై అయిదేళ్లుగా బేరాలు చేస్తున్నవాడు. ఎదుటివాడు చెప్పిన రెండు ధరల మధ్యన ఇంకో ధర ఉంటుందని నమ్మి బతికినవాడు. ఇక్కడ వెతికితే దొరకలేదు.

"అరవై రెండే మేడమ్," అన్నాడు మెల్లగా. "అందరు ఇక్కడోళ్లే."

"థాంక్స్," అంది మనస్విని. వెళ్లబోతూ లలితమ్మ దగ్గర ఆగి మంచినీళ్లు అడిగి తాగింది. అక్కడ వాళ్లిద్దరూ ఏదో నాలుగు మాటలు మాట్లాడుకోవడం బాలకిషన్ దూరం నుంచి చూశాడు. ఏం మాట్లాడుకున్నారో కనుక్కునే ఓపిక ఆయనకు లేదు.

తిరుగు ప్రయాణంలో ఆయన ఒక్కడే సీతాఫలం ముట్టలేదు. మిగతా బస్సంతా సీతాఫలం గింజలు కిటికీల్లోంచి ఉమ్ముతూ మహా సంతోషంగా ఉంది. ప్రీతి రీలుకు అప్పుడే వెయ్యి లైకులొచ్చాయి. నాగమణమ్మ ముందుకొచ్చి, "మల్లెప్పుడు బాలకిషనన్నా?" అని అడిగింది. సంఘం ఆ వారమే రద్దయింది. రద్దు తీర్మానానికి బజ్జీలు లేవు, అందుకని కోరం కూడా లేదు.

సర్కారులో కాగితం చాలా తెలివైన ప్రాణి. వెళ్లమన్న చోటికి తప్ప ఎక్కడికైనా వెళుతుంది. మనస్విని రిపోర్టు నాలుగు శాఖలకు నకళ్లుగా వెళ్లింది. అందులో ఒకటి బస్సు డిపోకు చేరింది. యాభై మందికి పైగా ఉన్న ఊరికి బస్సు లేకపోవడం ఏమిటని అక్కడ ఎవరో సంజాయిషీ అడిగారట. సంజాయిషీ రాయడం కన్నా బస్సు వేయడం సులువని ఇంకెవరో తేల్చారట. మొత్తానికి ఆందోళన లేకుండా, వినతిపత్రం లేకుండా, ఒక్క ధర్నా లేకుండా, పద్నాలుగేళ్ల తర్వాత మొగిలిదొడ్డికి రోజుకు రెండు ట్రిప్పులు బస్సు మొదలైంది.

ఈ సంగతి బాలకిషన్‌కు జనవరి చివర్లో, ఒక మంగళవారం మధ్యాహ్నం తెలిసింది. పెళ్లిళ్ల గిరాకీ జోరుగా ఉంది. దుకాణం మెట్ల దగ్గర హమాలీల మధ్య నుంచి దారి చేసుకుంటూ ఒక ముసలామె పైకి వచ్చింది. చేతిలో సంచి, చెవి వెనక మడిచి పెట్టుకున్న టికెట్టు.

"అక్కా! నువ్వేంది ఇక్కడ? ఎట్లొచ్చినవ్?"

"బస్సుకు," అంది లలితమ్మ, ప్రపంచంలో అంతకన్నా మామూలు సంగతి లేదన్నట్టు. "మండలంల మారి ఇమ్లీబన్ బస్టాండ్‌ల దిగిన. ఈడికి నడిచే వచ్చిన."

నీళ్లు తాగి, ఆమె మొత్తం చెప్పింది. ఇప్పుడు సోమవారం సోమవారం అందరి జొన్నలూ బస్సులో వేసుకుని మండలంలో పట్టించుకొస్తున్నారు. ఆడవాళ్లకు టికెట్టుకు పైసలు కూడా లేవు. ఉత్త జీరో టికెట్టు. 'పోరడు' బీపీ చూపించుకున్నాడు. ఆ రోజు నీళ్లు తాగుతూ ముందు అడిగింది ఆ అధికారి పిల్లేనట. 'ఊళ్లె ఏం తక్కువున్నది పెద్దమ్మా' అంటే, 'ఇంతమంది ఉన్నం, బస్సే లేదు బిడ్డా' అని లలితమ్మ చెప్పిందట. ఆ పిల్ల నవ్వు ఆపుకొని రాసుకుందట.

బాలకిషన్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన తోరణాన్ని కూలగొట్టిన లెక్కతో ఈమె బస్సు తెచ్చుకుంది.

"అయితే ఒక కష్టమొచ్చింది తమ్మీ," అంది లలితమ్మ. "కండక్టరు రోజు అడుగుతడు. 'అరవై రెండు మంది అన్నరు, ఎక్కేది నలుగురే. మిగిలినోళ్లేరీ?' అని. పట్నం పోయిన్రు, వస్తరు అని చెప్తున్న. అది అబద్ధం గాదు గదా. కానీ మార్చి దాక చూస్తరట. జనం ఎక్కకుంటే మల్ల ఆపుతరట."

"మరెట్ల?"

"ఎట్ల ఏంది? మీరంత మొగిలిదొడ్డోళ్లమని రాయించిన్రు గదా. నేను రాయమన్ననా? ఊరోళ్లయితే ఊరి బస్సు ఎక్కాలె. వారానికి నలుగురు వచ్చినా చాలు. పొద్దుగాల వచ్చి మాపటికి పోవచ్చు. అన్నం నేను పెడ్త." సంచిలోంచి మడిచిన కాగితం తీసింది. మండలాఫీసులో అడిగి తెచ్చుకున్నది, మనస్విని రాసుకున్న జాబితాకు జిరాక్స్. యాభై మూడు పేర్ల పక్కన, అయిదో తరగతి దస్తూరితో, ఎవరు ఏ వారం రావాలో రాసి ఉంది. మొదటి వారం మొదటి పేరు బాలకిషన్. మార్చి రెండో వారంలో అవద్ భాయ్ కూడా ఉన్నాడు.

"దుకాణం ఎవలు చూస్తరక్కా? ఇది సీజన్..." అని మొదలుపెట్టాడు బాలకిషన్.

అప్పటికే అన్నం డబ్బాతో వచ్చి తలుపు దగ్గర నిలబడి అంతా విన్న రాజమణి, కాగితం అందుకుని కళ్లద్దాలు పెట్టుకుని చదివింది.

"నేను చూస్త," అంది. "గురువారం పో. ఊరి గాలి పీలిస్తే దవాఖానతోటి పనే ఉండది గదా."

లలితమ్మ ఈ దంపతుల సంభాషణను పట్టించుకోకుండా అరల వైపు తిరిగింది. తొమ్మిది మందికి సరిపడే అన్నం గిన్నె ఆమె దగ్గర ఉంది, పదమూడు మందికి సరిపడేది లేదు. ఒక పెద్ద గిన్నెను కిందికి దింపించి, వేళ్లతో కొట్టి శబ్దం విని, అడుగు చూసి, ధర అడిగింది. బాలకిషన్ పైసలొద్దక్కా, ఉత్తగనే తీసుకో అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ధర చెప్పమంది. చెప్పాడు. అందులో సగానికి అడిగింది.

"అక్కా, నాకు పడ్డదే అంతకన్న ఎక్కువ!" అన్నాడు బాలకిషన్, నిజంగా నొచ్చుకుని.

పావుగంట బేరం నడిచింది. హమాలీలు కూడా ఆగి విన్నారు. చివరికి రెండు ధరల మధ్యన ఇంకో ధర దొరికింది, గిన్నెను గురువారం బస్సులో మోసుకెళ్లే పని బాలకిషన్‌కు పడింది.